బాంబులు పడ్డ ఏడు, ఒంటిపూట భోజనం

విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున నడిచే మా ఎనిమిది మంది బృందంలో ఆరోగ్యం తప్ప మరో విషయం చర్చకు వచ్చి చాలా కాలమైంది. ఒకప్పుడు రాజకీయాలు, పిల్లల ఉద్యోగాలు, ఉక్కు కర్మాగారం భవిష్యత్తు మాట్లాడుకునేవాళ్ళం. అరవై అయిదు దాటిన తరువాత మాటలన్నీ ఇంకెంతకాలం బతుకుతామన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఆ ప్రశ్నను సూటిగా ఎవరూ అడగరు. చోడి (రాగి) జావలో బెల్లం వేసుకోవచ్చా అని అడుగుతారు.

నిరుడు వేసవిలో మా మిత్రుడొకరు ఒంటిపూట భోజనం మొదలుపెట్టారు. ఆయన ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు షిఫ్టుల్లో పనిచేసి రిటైరైన మనిషి. వయసు అరవై తొమ్మిది, పదేళ్ళుగా మధుమేహం ఉంది. తిండిని నలభై శాతం తగ్గిస్తే ఎలుకలు మూడోవంతుకు పైగా ఎక్కువ కాలం బతికాయని ఎవరో పంపిన వీడియోలో విన్నారు. మధ్యాహ్నం ఒక్కసారి భోజనం, రాత్రికి గ్లాసుడు పల్చటి మజ్జిగ, అంతే. ఏడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు. మూడు నెలల సగటు చక్కెర 8.1 నుంచి 6.4కు దిగింది. మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, ఆ సంగతి దాచను. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆయన బాత్‌రూములో కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టరు ఎక్స్‌రే కన్నా ఆయన తొడలను చూసి ఎక్కువ విచారించారట. "ఎముకను నేను అతికిస్తాను, కండ ఎక్కడి నుంచి తెమ్మంటారు?" అన్నారని ఆయన భార్య చెప్పారు.

ఆ మాట విన్న దగ్గర నుంచి ఈ వ్యాసం నా మనసులో నలుగుతూనే ఉంది. అరవై దాటిన మనిషి, ముఖ్యంగా స్థూలకాయం లేని మనిషి, ఆయుష్షు పెరుగుతుందన్న ఆశతో తిండి కోసుకోవడం పొరపాటని నా అభిప్రాయం. ఆ పొరపాటు ఎలుకల ప్రయోగాలను సగమే చదవడం వల్ల పుట్టింది. దానికి ఎదురుగా మా బృందంలోనే మరికొందరు వినిపించే "అంతా వంశంలో ఉంటుందండీ, మన చేతిలో ఏముంది" అన్న మాట కూడా అలాంటి సగం చదువే. రెండింటిలోనూ జరుగుతున్నది ఒకటే, గుంపుకు చెందిన సగటును తీసుకొచ్చి ఒక మనిషి తలకు చుట్టడం.

నేను డాక్టర్ని కాను. ముప్ఫై నాలుగేళ్ళు జీవిత బీమా కార్యాలయంలో పనిచేశాను, అందులో సగం కాలం మరణ క్లెయిముల విభాగంలో. ప్రపోజల్ ఫారంలో కుటుంబ చరిత్ర అని ఒక గడి ఉంటుంది. తండ్రి జీవించి ఉన్నారా, లేకపోతే ఏ వయసులో, ఏ కారణంతో పోయారు, తల్లి సంగతేమిటి, తోబుట్టువుల సంగతేమిటి అని అందులో రాయాలి. ఎత్తు, బరువు, పొట్ట కొలత వేరే గడుల్లో ఉంటాయి. అంటే వంశాన్నీ తిండినీ కలిపి చూడాలన్న తెలివి ఆ ఫారానికి ఎప్పుడో వచ్చింది. అలాంటి లక్ష ఫారాలు చూసి, వారిలో ఏ ఏటికి ఎందరు పోతారో బీమా గణకులు చాలా దగ్గరగా చెప్పగలరు. ఎవరు పోతారో చెప్పలేరు. చెప్పవలసిన అవసరం కూడా వారికి లేదు, ఆ వ్యాపారానికి సగటు చాలు. నా బల్ల మీదికి వచ్చిన ఫైళ్ళలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి నామినీ గడిలో తల్లి పేరున్నవి. కుటుంబ చరిత్రలో తల్లికీ తండ్రికీ ఇద్దరికీ దీర్ఘాయుష్షు రాసి ఉంటుంది. పాలసీదారు నలభై రెండేళ్ళకు పోయి ఉంటాడు. ఎనభై ఏళ్ళ తల్లి వణికే చేత్తో డిశ్చార్జి వోచరు మీద సంతకం పెడుతుంది.

ఎలుకలు చెప్పినదీ మనం విన్నదీ

తిండి తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందన్న మాటకు ప్రయోగశాలలో తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1935లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే, మేరీ క్రోవెల్ అనే ఇద్దరు తెల్ల ఎలుకలకు పోషకాలు తగ్గకుండా కేలరీలు మాత్రం తగ్గించి పెంచితే, కడుపునిండా తిన్నవాటికంటే అవి ఎక్కువ కాలం బతికాయి. ఆ తరువాత ఈస్టు మీద, ఈగల మీద, పురుగుల మీద అదే ఫలితం మళ్ళీ మళ్ళీ కనిపించింది. అందుచేత మా మిత్రుడు విన్నది అబద్ధం కాదు.

ఆయన వీడియోలో చెప్పిన ప్రయోగాన్ని నేను వెతికి చదివాను. అది అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలవారు 2024లో నేచర్ పత్రికలో ప్రకటించినది. దాని ప్రత్యేకత ఏమిటంటే, మామూలుగా ప్రయోగశాలల్లో వాడే, ఒకే అచ్చులో పోసినట్టుండే చిట్టెలుకలను వాళ్ళు తీసుకోలేదు. ఒకదానికొకటి జన్యుపరంగా పోలిక లేని 960 ఆడ చిట్టెలుకలను, అంటే మన ఊరి జనంలా కలగాపులగంగా ఉన్నవాటిని, అయిదు గుంపులు చేశారు. ఒక గుంపు ఇష్టమున్నంత తిన్నది. ఒకటి వారానికి ఒక రోజు, మరొకటి వరుసగా రెండు రోజులు ఉపవాసమున్నది. మిగిలిన రెండింటికీ తిండిని ఇరవై శాతం, నలభై శాతం తగ్గించారు. ఇష్టంగా తిన్నవి సగటున 25 నెలలు, ఉపవాసాలు చేసినవి 28 నెలలు, ఇరవై శాతం తగ్గించినవి 30 నెలలు, నలభై శాతం తగ్గించినవి 34 నెలలు బతికాయి. వీడియో ఇక్కడితో ఆగిపోయింది, మా చప్పట్లూ ఇక్కడే మోగాయి.

పరిశోధన ఇక్కడ ఆగలేదు. నలభై శాతం తక్కువ తిన్న ఆ గుంపులోనే కొన్ని నెలలకే చచ్చిపోయిన చిట్టెలుకలున్నాయి, నాలుగున్నర ఏళ్ళు బతికినవీ ఉన్నాయి. గుంపుకూ గుంపుకూ మధ్య తేడా తొమ్మిది నెలలైతే, ఒకే గుంపులోని రెండు ప్రాణుల మధ్య తేడా నాలుగేళ్ళు. ఆయుష్షును నిర్ణయించడంలో తిండి కంటే పుట్టుకతో వచ్చినదాని వాటా ఎక్కువని పరిశోధకులు తేల్చారు. నన్ను అంతకంటే ఎక్కువగా నిలబెట్టిన సంగతి మరొకటి ఉంది. తక్కువ తింటున్న చిట్టెలుకల్లో ఎక్కువ కాలం బతికినవి బాగా చిక్కినవి కావు. తిండి తగ్గినా బరువును నిలబెట్టుకోగలిగినవే ముందుకు సాగాయి. ఎక్కువగా చిక్కినవాటికి ఓపిక పోయింది, రోగనిరోధక శక్తి దెబ్బతింది, ఆయుష్షు తగ్గింది. మనం చప్పట్లు కొట్టింది పదకొండు కిలోలు తగ్గినందుకు.

దీనికి ముందే 2010లో, వేర్వేరు వంశాలకు చెందిన నలభైకి పైగా చిట్టెలుక జాతుల మీద ఇదే నలభై శాతం కోత ప్రయోగించి చూశారు. కొన్ని వంశాల్లో ఆయుష్షు పెరిగింది. అంతకంటే ఎక్కువ వంశాల్లో తగ్గింది. ఒకరికి అమృతమైనది మరొకరికి ఆకలిచావు కావచ్చునన్న మాట. మనలో ఎవరిది ఏ వంశమో చెప్పే పరీక్ష ఇప్పటికి ఏ ల్యాబులోనూ దొరకదు. ఆ ఫలితం తెలియకుండా కోతకు దిగడమంటే, ప్రీమియం ఎంతో తెలుసుకోకుండా పాలసీ కట్టడం లాంటిది.

వయసు సంగతి ఇంకా ముఖ్యమైనది. 2019లో జర్మనీలోని కొలోన్ నగరంలో మాక్స్ ప్లాంక్ సంస్థవారు అప్పటిదాకా తృప్తిగా తిన్న చిట్టెలుకలకు ముసలితనంలో, ఇరవై నాలుగు నెలల వయసులో, తిండి తగ్గించి చూశారు. చిన్నప్పటి నుంచి తక్కువ తిన్నవాటికి దక్కిన మేలు వీటికి దాదాపుగా దక్కలేదు. ముఖ్యంగా కొవ్వు కణజాలం పాత అలవాటును మరిచిపోలేదు. దీన్ని వాళ్ళు పోషణ జ్ఞాపకం అన్నారు. అరవై తొమ్మిదో ఏట ఒంటిపూటకు దిగిన మా మిత్రుడికి దగ్గరగా ఉన్నది మెకే ఎలుకలు కావు, ఈ కొలోన్ ముసలి చిట్టెలుకలు.

అయితే నా వాదనకు అడ్డు వచ్చేదాన్ని కూడా చెప్పాలి. కోతుల మీద అమెరికాలో రెండు చోట్ల దశాబ్దాల పాటు ప్రయోగాలు జరిగాయి. విస్కాన్సిన్‌లో తిండి తగ్గించిన కోతులు ఎక్కువ కాలం బతికాయని 2009లో చెప్పారు. జాతీయ వృద్ధాప్య సంస్థలో అలాంటి తేడా ఏమీ లేదని 2012లో చెప్పారు. తరువాత రెండు బృందాలూ కలిసి లెక్కలు సరిచూసుకుని, ఎదిగిన తరువాతా వయసు మళ్ళిన తరువాతా మొదలుపెట్టిన కోతులకు కూడా మేలు కనిపిస్తోందని 2017లో రాశాయి. ఇది నాకు ఇబ్బంది కలిగించే మాటే. కాని ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. విస్కాన్సిన్‌లో మామూలు గుంపు కోతులు చక్కెర దండిగా వేసిన మేతను ఇష్టమున్నంత తిన్నాయి. రెండో చోట మామూలు గుంపుకు కూడా కొలిచి పెట్టారు, మేత కూడా సహజమైన దినుసులతో చేసినది. ఎక్కువ తినేవాడు మితానికి రావడం వల్ల మేలుంది. మితంగా తినేవాడు ఇంకా తగ్గిస్తే అదనంగా ఒరిగేది పెద్దగా లేదు. నాకు అందులో కనిపించినది ఇదే.

మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో గట్టిది కేలరీ అని పేరు పెట్టినది. స్థూలకాయం లేని ఆరోగ్యవంతులు 218 మందిని తీసుకుని, వారిలో 143 మందిని రెండేళ్ళ పాటు ఇరవై అయిదు శాతం తక్కువ తినమన్నారు. పర్యవేక్షణ ఎంత ఉన్నా వాళ్ళు సగటున పన్నెండు శాతమే తగ్గించగలిగారు. రక్తపోటు, కొలెస్ట్రాల్ మెరుగయ్యాయి. వృద్ధాప్యపు వేగాన్ని కొలుస్తుందని చెప్పే ఒక రక్తపరీక్షలో రెండు మూడు శాతం మందగింపు కనిపించింది. ఎముకల సాంద్రత మాత్రం తగ్గింది. అందులో పాల్గొన్నవారెవరూ యాభై దాటినవారు కారు. యాభై లోపు ఎముక కొంత కోల్పోతే కోలుకోవడానికి సమయముంటుంది. మా నడక బృందంలో ఎవరికీ ఆ సమయం లేదు.

మా మామ్మ వయసు

"మా వంశమే అంత, మా మామ్మ వందేళ్ళు బతికింది" అని నేను కూడా ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆమె చోడవరం దగ్గర పల్లెలో ఉండేది. 2016లో పోయింది. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1916 జనవరి 1 అని ఉంది. మన పల్లెల్లో ఆ తరం వాళ్ళలో ఎంతమంది జనవరి ఒకటిన పుట్టారో చూస్తే, ఆ తేదీ వెనక ఉన్నది నమోదు చేసిన కుర్రవాడి సౌకర్యమే తప్ప పురిటిగది కాదని తెలుస్తుంది. అయినా ఆ కార్డును నమ్మి మేము నూరేళ్ళ పండుగ చేశాం. ఒక విలేకరి వచ్చి ఫొటో తీసుకుని, చోడి అంబలే ఆమె ఆరోగ్య రహస్యమని రాశాడు.

ఒకసారి నేనే ఆమె పక్కన కూర్చుని లెక్క తీయడానికి ప్రయత్నించాను. "నా వయసు నాకేటి తెలుసురా బాబూ, పట్నం మీద బాంబులడ్డ ఏడు నా రెండోది సంకలో ఉంది" అంది. విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఆ రోజుల్లో పట్నం జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు వచ్చేశారు కాబట్టి చోడవరం దాకా అందరికీ ఆ ఏడు గుర్తే. రెండో బిడ్డ సంకలో ఉన్న పిల్లకు అప్పుడు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళుంటాయి. అంటే ఆమె 1922 ప్రాంతంలో పుట్టి ఉండాలి, పోయేనాటికి తొంభై నాలుగు. తొంభై నాలుగు తక్కువేమీ కాదు. కాని ఒక కార్డు, ఒక వార్త కలిసి ఆరేళ్ళు అదనంగా కట్టబెట్టి, ఆ ఆరేళ్ళ ఘనతనూ చోళ్ళకు ఇచ్చేశాయి.

ఇది మా ఇంటి తమాషా మాత్రమే కాదు. ప్రపంచంలో దీర్ఘాయుష్కుల నెలవులుగా పేరుపడిన జపానులోని ఒకినావా, ఇటలీలోని సార్డీనియా, గ్రీసులోని ఇకేరియా వంటి చోట్ల పుట్టుక, చావు నమోదులు ఎంత నమ్మదగినవని ప్రశ్నించిన సాల్ న్యూమన్ అనే పరిశోధకుడికి 2024లో, ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. 2010లో జపానులో లెక్క తీస్తే, కుటుంబ రిజిస్టర్లలో నూరేళ్ళు దాటి బతికి ఉన్నట్టు చూపిస్తున్నవారిలో 2,30,000 మందికి పైగా ఆచూకీ లేదు. టోక్యోలో 111 ఏళ్ళ వృద్ధుడిని అభినందించడానికి వెళ్ళిన అధికారులకు, ముప్ఫై ఏళ్ళ కిందటే చనిపోయిన మనిషి అవశేషాలు కనిపించాయి. ఆ ప్రాంతాల మీద పనిచేసిన జనాభా శాస్త్రవేత్తలు తాము వయసులను దస్తావేజులతో సరిచూశామని న్యూమన్‌కు జవాబిచ్చారు, ఆ తగవు ఇంకా తెగలేదు. క్లెయిముల విభాగంలో పనిచేసినవాడిగా నా మనసు న్యూమన్ వైపు మొగ్గుతుంది. వయసు రుజువు లేని ఫైలును నేను ఏనాడూ ముందుకు పంపలేదు.

మామ్మ గురించి విలేకరి రాయని సంగతి మరొకటి ఉంది. ఆమె అడ్డపొగ తాగేది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళకు అలవాటు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని విశాఖ వైద్యులు దశాబ్దాల కిందటే రాశారు. మామ్మ అరవై ఏళ్ళకు పైగా తాగి తొంభై నాలుగేళ్ళు బతికింది. ఆమె ఆడపడుచు, అదే ఇంట్లో అదే అంబలి తాగి, అదే పొగాకు కాల్చిన మనిషి, యాభై రెండేళ్ళకు అంగిలి పుండుతో పోయింది. ఆమె ఫొటో ఏ పత్రికలోనూ రాలేదు. మామ్మ తొమ్మిది మందిని కన్నది, అయిదుగురు బతికారు. ఆమె అక్క రెండో కాన్పులో పోయింది. "మా వంశం గట్టిది" అన్నప్పుడు మేము ఈ ఆరుగురినీ లెక్కలో నుంచి తీసేస్తున్నాం.

న్యూయార్కులో నీర్ బార్జిలాయ్ బృందం తొంభై అయిదు దాటిన 477 మంది అలవాట్లను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితం మా మామ్మకు సరిపోతుంది. వాళ్ళు తమ తరం మామూలు మనుషుల కంటే తక్కువ పొగ తాగినవారు కారు, ఎక్కువ వ్యాయామం చేసినవారూ కారు. అంత దూరం వెళ్ళినవారిని ఏదో పుట్టుకతో వచ్చిన రక్షణ కాపాడి ఉండాలి. అందుచేత నూరేళ్ళు బతికినవారిని పట్టుకుని మీరేం తిన్నారని అడగడమంత పనికిమాలిన ప్రశ్న మరొకటి లేదనిపిస్తుంది. లాటరీ తగిలినవాణ్ణి టికెట్ ఏ చేత్తో కొన్నావని అడిగినట్టుంటుంది.

వంశం వాటా ఎంత?

కవల పిల్లల మీద డెన్మార్కులో జరిగిన పెద్ద అధ్యయనం 1996లో ఆయుష్షులో వంశం వాటా సుమారు పావు వంతు అని చెప్పింది. 2018లో కోట్లాది మంది వంశవృక్షాలను పరిశీలించిన మరో బృందం అది పది శాతం కూడా ఉండదని చెప్పింది. మనుషులు తమలాంటి ఇంటి నుంచే సంబంధం తెచ్చుకుంటారు కాబట్టి, పెళ్ళితో కలిసిన బంధువుల ఆయుష్షులు కూడా పోలి ఉంటాయని, అది జన్యువుల పనిగా పొరబడుతున్నామని వారి వాదన. మేనరికాలున్న మన వైపు ఆ చిక్కుముడి విప్పడం ఇంకెంత కష్టమో! ఇప్పుడు ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో యూరీ అలోన్ బృందం, అంటురోగాలు, ప్రమాదాల వంటి బయటి చావులను పక్కకు తీసి అవే కవలల లెక్కలను మళ్ళీ చూస్తే వాటా సగం దాకా వస్తుందంటోంది.

పావు, పదోవంతు, సగం. మా బృందంలో ఒకాయన ఇది విని "శాస్త్రవేత్తలకే ఏమీ తెలియదన్నమాట" అని తేల్చేశారు. నాకు అలా అనిపించలేదు. ఈ వాటా మనిషి ఒంట్లో ఉండే వస్తువు కాదు, ఒక జనాభాలోని తేడాలను పంచి చూపే నిష్పత్తి. కలరా, మశూచి, కాన్పు చావులు మనుషులను విచ్చలవిడిగా ఎత్తుకుపోతున్న కాలంలో ఎవరి వంశం ఎలాంటిదో బయటపడేదాకా ఎవరూ బతకరు. మామ్మ అక్కకు ఎంత మంచి జన్యువులున్నాయో ఎవరికీ తెలియదు. ఆ చావులు తగ్గేకొద్దీ వంశం వాటా పెరిగినట్టు కనిపిస్తుంది, వంశం మాత్రం మారలేదు. పంచాయితీ గోడకు అటూ ఇటూ ఒకే నేల ఉన్నా, గోడ జరిపితే ఎవరి గజాలు వారివి మారినట్టు.

పైగా వంశం అని మనం పిలిచేదానిలో వంటిల్లు కూడా దాగి ఉంది. 1944-45 శీతాకాలంలో హాలండులో కరువు పడినప్పుడు తల్లి కడుపులో ఉన్న పిల్లలకు, అరవై ఏళ్ళ తరువాత కూడా ఒక ఎదుగుదల జన్యువు మీద ఆ ఆకలి గుర్తు మిగిలి ఉన్నట్టు 2008లో కనుగొన్నారు. జన్యువు అక్షరాలు మారలేదు, దాని మీద ఉండే రసాయన ముద్ర మారింది. మన దగ్గర పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్ తన శరీరాన్నే ఉదాహరణగా చూపించారు. ఆయనకూ, ఆయన ఆంగ్లేయ సహచరుడు యూడ్కిన్‌కూ ఎత్తుకు తగిన బరువు సూచీ (బీఎంఐ) ఒకటే, 22.3. కాని యూడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు మోసే ఈ భారతీయ దేహం తల్లుల పోషణలేమి నుంచి మొదలై ఉంటుందని ఆయన వాదన. మా మిత్రుడి పదకొండు కిలోల్లో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది మేము అడగనే లేదు. బాత్‌రూము తూకం ఆ సంగతి చెప్పదు.

పోషకాహారం గురించి మాట్లాడేటప్పుడు రాబర్ట్ మెక్‌కారిసన్‌ను నేను మరిచిపోలేను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో కూనూరులో ఆయన మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాలలో ఉన్నాయి. ఆయన దేశంలోని వేర్వేరు ప్రాంతాలవారు తినే తిండిని ఎలుకలకు పెట్టి చూశారు. గోధుమ రొట్టె, పాలు, కూరలు ఉన్న పంజాబు భోజనం తిన్నవి ఏపుగా పెరిగాయి. తెల్ల బియ్యం మీద ఆధారపడిన మద్రాసు భోజనం తిన్నవి అట్టడుగున నిలిచాయి. అప్పటి మద్రాసు రాష్ట్రంలో విశాఖ కూడా ఉందని గుర్తు చేసుకుంటే, మన తాతల తిండిని పొగిడే ముందు ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. మామ్మ అంబలి ఇష్టపడి తాగలేదు, వరి అన్నం పండుగకు తప్ప దొరకక తాగింది. లంఖణం పరమౌషధమన్న మాట గాదెలో గింజలున్న ఇంట్లో పుట్టి ఉండాలి.

వంశం వల్ల నిజంగా ఉపయోగపడే కబురు "మేము తొంభై దాకా వెళ్తాం" అన్న ధీమాలో లేదు. మా నాన్న యాభై ఎనిమిదేళ్ళకు గుండె పెద్దదై పోయారు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు 2009లో, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో పాతిక అక్షరాలు లోపించడం భారతీయుల్లో సుమారు నాలుగు శాతం మందిలో ఉందని, నడివయసు దాటాక అది గుండెను బలహీనపరుస్తుందని చూపించారు. మా నాన్నకు అదే ఉందో లేదో తెలుసుకునే అవకాశం లేకపోయింది. కాని ఆ వార్త చదివాక నేను రెండేళ్ళకోసారి గుండెకు ఎకో స్కానింగ్ తీయించుకుంటున్నాను. ప్రపోజల్ ఫారంలో కుటుంబ చరిత్ర గడికి నా దృష్టిలో ఇదే ప్రయోజనం. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఉమ్మితో జన్యువులన్నీ చదివే కిట్టు పంపింది. దాన్ని ఇంకా తెరవలేదు. మతిమరుపు రోగానికి దారి తీసే జన్యువు ఉందని అందులో తేలితే, మర్నాటి నుంచి తాళంచెవి మరిచిపోయిన ప్రతిసారీ నేను ఏమైపోతానో నాకు తెలుసు.

మళ్ళీ మా మిత్రుడి దగ్గరికి

నా వాదనకు మా మిత్రుడే మంచి ప్రతివాది. "చక్కెర తగ్గిన మాట అబద్ధమా? ఎముక నీకు కూడా విరగవచ్చు కదా?" అన్నారు మంచం మీద నుంచి. రెండూ నిజమే. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అనే పరీక్షలో, గట్టిగా బరువు తగ్గించిన మధుమేహ రోగుల్లో దాదాపు సగం మందికి ఏడాదికల్లా మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది. అంత గొప్ప ఫలితాన్ని కాదనడానికి నేనెవరిని? అయితే అందులో చేరడానికి గరిష్ఠ వయసు అరవై అయిదు, అధిక బరువు ఉన్నవారినే తీసుకున్నారు, అడుగడుగునా పర్యవేక్షణ ఉంది. ఒంటిపూట తినకపోతే ఆయన పడి ఉండేవారు కాదని నేను ప్రమాణం చేయలేను. ఒక్క మనిషి కథతో ఏదీ రుజువు కాదని ఇంతసేపూ చెప్పి, ఇప్పుడు అదే పని చేయకూడదు.

నేను చెప్పగలిగేది ఇంతే. వాల్టర్ లోంగో బృందం 2014లో అమెరికా ఆహార సర్వే లెక్కల్లో గమనించినదాని ప్రకారం, యాభై నుంచి అరవై అయిదు మధ్య మాంసకృత్తులు ఎక్కువగా తిన్నవారిలో చావులు ఎక్కువ కనిపించాయి, అరవై అయిదు దాటినవారిలో అది తిరగబడింది. ఉపవాసాలను అందరికంటే గట్టిగా సమర్థించే శాస్త్రవేత్తల్లో లోంగో ఒకరు కాబట్టి ఈ మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. మన పోషకాహార సంస్థ లెక్కలో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ముసలితనంలో ఒక గ్రాము నుంచి 1.2 దాకా అవసరమని వృద్ధుల వైద్యం చూసేవారు అంటారు. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు అనుకుంటే, ఒక గుడ్డులో ఆరు గ్రాములు, కప్పు పప్పులో ఏడెనిమిది. ఒక్క పూట అన్నం, సాంబారు, మజ్జిగతో ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? హార్బరులో కవ్వళ్ళూ కానాగంతలూ వంటి చేపలు కొనుక్కునేవారికి ఫరవాలేదు. మా మిత్రుడు గుడ్డు కూడా ముట్టని మనిషి.

ఏకాదశి ఉపవాసం మానమని నేను అనడం లేదు, మా ఇంట్లోనూ ఉంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు బిర్యానీ తెప్పించుకునే మా అబ్బాయి తరానికి తగ్గించమని చెప్పడంలోనూ తప్పులేదు, వాళ్ళకు మెకే ఎలుకలు కొంత పనికివస్తాయి. నా అభ్యంతరమల్లా మా వయసువారు తూకం ముల్లును ఆయుష్షు ముల్లుగా చదవడం మీద.

మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలో వాళ్ళింటికి వెళ్ళాను. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు మిత్రుడు చేతులు ఆనించకుండా కుర్చీలో నుంచి లేచి కూర్చుంటున్నారు. పదిసార్లు చేయాలి, ఏడో సారికి ఆగిపోయారు. ఆయన భార్య వంటింట్లో నుంచి వచ్చి, "అన్నయ్యగారూ, ఇంతకీ ఆ తిండి తగ్గించిన ఎలుకలు మొత్తం ఎంతకాలం బతికాయండీ?" అని అడిగారు.

"ముప్ఫై నాలుగు నెలలమ్మా."

ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. "మూడేళ్ళు కూడా కాదా!" అని, పెసరట్ల పళ్ళెం ఆయన ముందు పెట్టి, పెరుగు తేవడానికి లోపలికి వెళ్ళారు.